ఎలక్ట్రానిక్ వర్తకము – ఉమ్మడి ప్రమాణముల యావశ్యకత

నేడు మన సహకార సంఘములలో లెక్కపుస్తకముల స్థానమున కంప్యూటరు వచ్చి కూర్చున్నది. సభ్యుల ఋణములు, ఎరువుల నిలువలు, ధాన్యపు కొనుగోళ్లు, గిడ్డంగి రశీదులు దానియందే వ్రాయబడుచున్నవి. ఇది సంతోషింపదగిన మార్పే. అయినను ఈ మార్పుతోడ మనము వేయవలసిన ప్రశ్న యొకటి మిగిలియున్నది. మన సంఘపు కంప్యూటరు వ్రాసినదానిని మన సరకు కొను సంస్థవారి కంప్యూటరు చదువగలదా? గిడ్డంగివారి కంప్యూటరు చదువగలదా? బ్యాంకువారిది చదువగలదా? చదువలేనిచో మనకు కాగితము తగ్గినదే గాని కష్టము తగ్గలేదు.

ఒక యంత్రము వ్రాసినదానిని, మనుష్యుని నడిమి సాయము లేకుండ, వేఱొక యంత్రము తప్పులేక గ్రహించుటకు నిపుణులు ఇంటరాపరబిలిటీ యను పేరిడిరి. పేరు కొత్తది. విషయము మాత్రము మన తాతలు ఎఱిగినదే. ఇది ఇంజనీర్లకు విడిచిపెట్టదగిన సంగతి కాదనియు, కుంచము సంగతివలె రైతుకు సంబంధించినదనియు చూపుటయే ఈ వ్యాసోద్దేశము.

పాత తూముల పాఠము

మన పెద్దలు ధాన్యమును సోలలు, తవ్వలు, మానికలు, కుంచములు, తూములతో కొలిచిరి. ఇరువది తూములు పుట్టి యనుట అందఱకును దెలిసినదే. కాని యే తూము? ఒక సీమలోని తూము వేఱు, ప్రక్క సీమలోనిది వేఱు. పేరొక్కటే, పరిమాణము వేఱు. ఆ భేదమును బాగుగా నెఱిగినవాడు వర్తకుడు, ఎఱుగనివాడు రైతు. ఒకచోట కొలిచి కొని వేఱొకచోట కొలిచి యమ్మువానికి రెండు కొలతల నడుమనున్న తేడాయే లాభముగా మిగిలెడిది.

1956వ సంవత్సరమున తూనికలు కొలతల ప్రమాణముల చట్టము వచ్చి, 1958 నుండి మెట్రిక్ పద్ధతి క్రమముగా నమలు జరిగిన పిమ్మట, కిలోగ్రాము దేశమంతటను నొక్కటే యయ్యెను. ఆ చట్టము పంటను పెంచలేదు, ధరనును పెంచలేదు. బేరమునకు వచ్చిన యిరువురును ఒకే మాటను ఒకే యర్థమున వాడునట్లు మాత్రము చేసెను. న్యాయమైన బేరమునకు మొదటి మెట్టు అదియే కదా!

నేడు సరకు కాటాపై తూగుచున్నను, బేరము అక్షరములలో నడచుచున్నది. ఆ అక్షరములకును ఒక ఉమ్మడి కుంచము కావలెను.

ఒక బేరమునకు ఎన్ని కాగితములు

సంఘము తన సభ్యునకు ఎరువు బస్తా నమ్ముట ఎదురెదురుగా నిలిచి చేయు బేరము. సంఘము ఒక మిల్లునకో, ఎగుమతి సంస్థకో పంట నమ్ముట రెండు సంస్థల పుస్తకముల నడుమ నడచు బేరము. ఈ రెండవ తీరు వర్తకమే యిచట ప్రస్తుతము.

ఒక సంఘము సభ్యుల పసుపును పోగుచేసి, దూరముననున్న మసాలా కర్మాగారమునకు అమ్మినదనుకొందము. మొదట కర్మాగారమువారి ఆర్డరు వచ్చును. పిదప వేబ్రిడ్జి తూకపు చీటి, తేమను నాణ్యమును తెలుపు పరీక్షాపత్రము, గిడ్డంగి రశీదు, లారీవెంట పోవు ఈ-వే బిల్లు, సంఘపు బిల్లు, కడపట బ్యాంకువారి చెల్లింపు పత్రము. ఏడు పత్రములు, ఏడు తావులు. ప్రతి తావునను కంప్యూటరున్నది. అయినను ఒకదానినుండి అచ్చువేసిన కాగితమును చూచి గుమాస్తా రెండవదానిలో మరల టైపు చేయుచున్నాడు. నలుబది యెనిమిది క్వింటాళ్లు ఎనుబది నాలుగైనచో బిల్లు నిలిచిపోవును. తప్పు దిద్దువఱకు సొమ్ము రాదు. అన్ని దినముల వడ్డీయు పడునది సభ్యునిమీదనే. తప్పు చేసిన గుమాస్తాకు దాని వేడి తగులదు.

ఒకప్పుడు గుంతకల్లు స్టేషనున వెడల్పు పట్టాలదారియు మీటరు పట్టాలదారియు కలిసెడివి. ఒక దారి వ్యాగను రెండవ దారిమీద నడువజాలదు గనుక బస్తాలను దింపి మరల నెక్కింపవలసి వచ్చెడిది. ఇంజను బలము చాలక కాదు ఆలస్యము, పట్టాల నడిమి యెడము ఒక్కటి కాకుండుటవలన. నేటి మన కంప్యూటర్ల గతియు అట్లే యున్నది. వేగమునకు కొదువ లేదు, ఒకదానినుండి రెండవదానికి దారి లేదు.

ఇతర దేశముల యనుభవము

1948, 1949 సంవత్సరములలో బెర్లిను నగరమునకు భూమార్గములు మూయబడగా, ఆహారమును బొగ్గును విమానములమీద చేర్చవలసి వచ్చెను. దినదినము దిగు సరకుల పట్టికలు నానావిధములుగా నుండుటచే లెక్క చిక్కుపడెను. అప్పుడు ఎడ్వర్డ్ గిల్బర్ట్ అను అమెరికా సైనికోద్యోగియు నాతని తోడివారును, టెలెక్సుమీదనైనను టెలిఫోనుమీదనైనను పంపదగినట్లు పట్టికకు ఒకే రూపమును ఏర్పఱచిరి. ఆ యనుభవమే పిదప వర్తకమునకు దారి చూపెను. 1968లో అమెరికా రవాణా సంస్థలు దీనికై ఒక సంఘముగా నేర్పడెను. 1979లో ఆ దేశమున ఎక్స్ 12 అను ప్రమాణముల సమితి స్థాపింపబడెను. 1987లో ఐక్యరాజ్య సమితి పక్షమున ఎడిఫాక్ట్ అను అంతర్జాతీయ ప్రమాణము వెలసెను.

ఇవి యేల కావలసి వచ్చెనో గ్రహింపవలెను. ఉమ్మడి రూపము లేనప్పుడు ప్రతి పెద్ద కొనుగోలుదారుడును తన రూపమునే సరఫరాదారులకు విధించును. పదిమంది కమ్ము చిన్నవాడు పది రూపములను నేర్చి, పది విధముల వ్రాయవలసి వచ్చును. పెద్దవానికి ఒకటే రూపము, చిన్నవానికి పది. ప్రమాణము లేకపోవుటవలని ఖర్చు ఎల్లప్పుడును చిన్నవాని భుజముమీదనే పడునని దీనివలన తేలుచున్నది.

అయితే ప్రమాణము పుట్టినంతమాత్రమున మేలు చేకూరదు. ఎక్స్ 12, ఎడిఫాక్ట్‌లను వాడుటకు నిపుణులు కావలసిరి, ప్రత్యేక తంతి మార్గములకు బాడుగ చెల్లింపవలసి వచ్చెను. కావున చిన్న సంస్థలు చాలకాలము వెలుపలనే నిలిచెను. ఈ లోపమును తీర్చు మార్గమును సహకార క్షీరశాలలకు ప్రసిద్ధిగన్న డెన్మార్కు దేశము చూపెను. 2005 ఫిబ్రవరి 1వ తేదీనుండి అచట ప్రభుత్వ కార్యాలయములకు పంపు బిల్లులన్నియు ఉమ్మడి ఎలక్ట్రానిక్ రూపముననే యుండవలెనని నిర్ణయించిరి. కాని కంప్యూటరు లేని చిన్న వర్తకుని వెడలగొట్టలేదు. అతడు కాగితపు బిల్లునే పంపినచో, దానిని ఉమ్మడి రూపమునకు మార్చి పంపు కేంద్రములను ఏర్పఱచిరి.

2008లో మొదలై ఐరోపాలో వ్యాపించిన పెప్పోల్ అను ఏర్పాటు మఱియొక అడుగు ముందుకు వేసెను. అది మన తపాలా పద్ధతి వంటిది. మనము ఉత్తరమును మన యూరి తపాలా కచేరిలో వేయుదుము. అది యే యూరికి పోవలెనో ఆ యూరి కచేరి దానిని అందించును. పంపువాడును అందుకొనువాడును ఒకే కచేరికి చెందనక్కఱలేదు. అట్లే అమ్మువాడు తన కిష్టమైన సంస్థద్వారా బిల్లు పంపును, కొనువాడు తన కిష్టమైన సంస్థద్వారా అందుకొనును. రూపమును మార్గమును ఉమ్మడివి. సాఫ్ట్‌వేరు మాత్రము ఎవరిది వారిదే.

మన దేశమున జరిగినది

మన దేశమునను ఈ త్రోవలో కొంత దూరము నడిచితిమి. 2019 సెప్టెంబరు 20న జి.ఎస్.టి. మండలి ఈ-ఇన్వాయిస్‌కు ప్రామాణిక రూపము నామోదించెను. 2020 అక్టోబరు 1 నుండి 500 కోట్ల రూపాయలకు మించిన వ్యాపారము గల సంస్థలకు, సంస్థలకు సంస్థలకు నడుమ జరుగు అమ్మకములయందు, ఇది విధిగా నేర్పడెను. ఆ పరిమితి క్రమముగా తగ్గి, 2023 ఆగస్టు 1 నుండి 5 కోట్ల రూపాయలయ్యెను. పన్ను లేని సరకునకు ఈ నిబంధన లేదు. ప్రతి బిల్లునకు 64 అక్షరముల గుర్తింపు సంఖ్యయు, క్యూ.ఆర్. గుర్తును లభించును. ఇందు గమనింపదగిన సంగతి యొకటి. ఫలాని కంపెనీ సాఫ్ట్‌వేరునే కొనుడని ప్రభుత్వము నిర్బంధింపలేదు. ఏ సాఫ్ట్‌వేరునైనను వాడుడు, పంపునప్పుడు మాత్రము ఈ రూపమున పంపుడని చెప్పెను. ఉమ్మడి రూపము వేఱు, ఒక్కని గుత్తాధిపత్యము వేఱు అనుటకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము లేదు.

వ్యవసాయ మార్కెట్ల విషయమున 2016 ఏప్రిల్ 14న ఎనిమిది రాష్ట్రములలోని 21 మార్కెట్లతో ఈ-నామ్ అను జాతీయ వ్యవసాయ మార్కెటు ఆరంభమయ్యెను. ఆ యెనిమిదింటిలో తెలంగాణ మొకటి. ఇందులకు ముందే, 2014లో, కర్ణాటకము తన సొంత వేదిక నొకదానిని స్థాపించుకొనియుండెను. రెండును మంచి యుద్దేశముతో పుట్టినవే. కాని ఒకదానిలోని వర్తకుడు రెండవదానిలోని సరకునకు ధర పలుకలేకుండెను. 2020 మే నెలలో వానిని కలుపు ఏర్పాటు జరిగెను. 2022 జూలైలో ఈ-నామ్, రవాణాదారులు, గిడ్డంగులవారు, నాణ్య పరీక్షకులు మున్నగువారి వేదికలను తనతో చేర్చుకొను పనికి గడంగెను. ముందు వేఱువేఱుగా కట్టి, పిదప గోడకు ద్వారము పెట్టుటకంటె, మొదటనే ద్వారముంచి కట్టుట చవుక గదా!

గిడ్డంగి రశీదుల సంగతియు ఇట్టిదే. 2007 నాటి గిడ్డంగుల చట్టము ననుసరించి, 2017 సెప్టెంబరునుండి ఎలక్ట్రానిక్ రూపముననున్న బదిలీ రశీదులు వచ్చెను. రశీదు ఒక నమోదు సంస్థయొద్ద నుండుటచే, తాకట్టున్నదో లేదో బ్యాంకు చూచుకొనగలదు. రైతు తక్కువ ధరకు తెగనమ్ముకొనక, సరకును నిలువయుంచి అప్పు పొందుటకు ఇది మంచి సాధనము. కాని ఆ రశీదులోని సరకు వివరము సంఘపు పుస్తకములోనికి తానుగా రాలేనిచో, అచటను మరల గుమాస్తాయే శరణ్యము.

ఇక మన సంఘముల మాట. 2022 జూను 29న కేంద్ర మంత్రివర్గము 2,516 కోట్ల రూపాయల వ్యయముతో 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించు పథకమును ఆమోదించెను. అంతకు పూర్వము కొన్ని రాష్ట్రములు తమంతట తాము కొంత కంప్యూటరీకరణము చేసియుండెను. కాని సాఫ్ట్‌వేరులలో ఏకరూపము లేదు, జిల్లా బ్యాంకులతోను రాష్ట్ర బ్యాంకులతోను అనుసంధానము లేదు. ఈ లోపమును ప్రభుత్వమే పేర్కొని, దేశమంతటికిని ఉమ్మడి సాఫ్ట్‌వేరును సంకల్పించినది. ఇది మెచ్చదగిన పని. అయితే దీని ముఖ్యఫలము సంఘమును బ్యాంకుతో కలుపుట, అనగా పైకి పోవు దారి వేయుట. అప్పు వచ్చునది పైనుండియే. కాని ఆదాయము వచ్చునది ప్రక్కనుండి, మిల్లునుండి, ఎగుమతిదారునినుండి, పొరుగు సంఘమునుండి. ప్రక్కకు పోవు దారియు వేసిననే గాని సంఘము అప్పులిచ్చు కచేరిగానే నిలిచిపోవును, పంటను లాభసాటిగా నమ్మి పెట్టు సంస్థ కాజాలదు. నా యభిప్రాయమున ఇపుడు మన దృష్టి నిలుపవలసినది ఈ ప్రక్కదారిమీదనే.

రూపముతోపాటు అర్థమును కుదురవలెను

రూపమొక్కటైన చాలదు, అర్థమును ఒక్కటి కావలెను. జి.ఎస్.టి. బిల్లులో కిలోగ్రాములకు కె.జి.ఎస్. అను గుర్తు వాడుదురు. ఐక్యరాజ్య సమితివారి కొలతల పట్టికలో కిలోగ్రామునకు కె.జి.ఎం. అను గుర్తు. మనుష్యుడు చూచిన రెండును ఒకటే యని గ్రహించును. యంత్రమున కెవరో చెప్పిననే గాని తెలియదు. ఇంత చిన్న భేదమే ఒక బిల్లును త్రిప్పి పంపుటకు చాలును.

ప్రపంచ సుంకముల సంస్థ యేర్పఱచి, 1988 నుండి యమలుననున్న సంఖ్యల పద్ధతిలో పసుపునకు 0910 30 అని గుర్తు. భాష యేదైనను, ఆ సంఖ్య చూచిన రేవు అధికారికి అది పసుపే. ఇది గొప్ప సౌకర్యము. కాని ఆ సంఖ్య కొమ్మో కాయయో చెప్పదు, తేమ యెంతో చెప్పదు, బస్తా యెన్ని కిలోలో చెప్పదు. రైతునకు ధర హెచ్చుతగ్గులు కలుగునది ఈ చెప్పని వివరములయందే. కావున వానికి పేర్లను గుర్తులను నిర్ణయించువారెవరు? మనము నిర్ణయింపనిచో కొనువాడే నిర్ణయించును. అతడు ‘రెండవ రకము’ అని వ్రాసినచో, రెండవ రకమన నేమో చెప్పు అధికారమును అతనియందే మిగిలియుండును. పాత తూము కొత్త వేషమున మరల వచ్చినట్లే.

కొన్ని ఆక్షేపణలు

ఒక పెద్ద కంపెనీ తన వేదికను ఉచితముగా నిచ్చుచుండగా ఈ శ్రమ యేల యని కొందఱందురు. ఉచితముగా నిచ్చినంతమాత్రమున వర్తకుని కుంచము మన కుంచము కాదు. సంఘపు లెక్కలన్నియు నొక్క కంపెనీ గదిలో నుండి, వెలుపలికి తెచ్చుకొను తాళము మనయొద్ద లేనిచో, మఱునాడు బాడుగ యడిగినను చెల్లింపవలసినదే. ధర నచ్చక వేఱొక కొనుగోలుదారుని చూచుకొందమన్నను, మన చరిత్రయంతయు వెనుకనే యుండును.

అందఱును చదువగల రూపమున వ్రాసినచో మన రహస్యములు బయటపడవా యని మఱికొందఱి భయము. తెలుగు లిపి అందఱకును దెలిసినదే. అంతమాత్రమున అతికించిన కవరులోని ఉత్తరమును దారిన పోవువా డెవడును చదువలేదు గదా! ఉమ్మడి లిపి వేఱు, బహిరంగ లేఖ వేఱు. ఎవరికి పంపితిమో వారే తెఱచుటకు తగు బందోబస్తు చేసికొనవచ్చును, చేసికొనవలెను కూడ.

ప్రమాణములను నిర్ణయించు సభలలో పెద్ద సంస్థలవారే కూర్చుందురు గనుక అవి వారికే యనుకూలముగా నుండునను ఆక్షేపణ మాత్రము తోసివేయరానిది. ఇది నిజమే. కాని దీనికి మందు ప్రమాణములను వలదనుట కాదు, ఆ సభలలో మనమును కూర్చుండుట. ఒక్కొక్క సంఘము పోలేదు. సంఘముల సమాఖ్య పోగలదు. ఒంటరిగా చేయలేని పనిని కలిసి చేయుటకే గదా సహకారము పుట్టినది!

చేయదగిన పనులు

సభ్యులు రాబోవు మహాసభలో ఈ క్రింది విషయములను తీర్మానములుగా ప్రతిపాదింపవలెనని నా మనవి.

మొదటిది: సంఘము ఏ సాఫ్ట్‌వేరు తీసికొన్నను, లెక్కలన్నిటిని కోరిన దినమున, ఇతర యంత్రములు చదువగల రూపమున, ప్రత్యేక రుసుము లేక యిచ్చివేయవలెనను షరతు ఒప్పందమున నుండవలెను. ఆ షరతును సభ్యుల యెదుట తెలుగున చదివి వినిపింపవలెను.

రెండవది: కొనుగోలు సంస్థలతో చేయు ఒప్పందమునందు ధరతోపాటు ఆర్డరు, తూకము, నాణ్యము, బిల్లు ఏ రూపమున ఇచ్చిపుచ్చుకొనవలెనో వ్రాయవలెను. తేమను కొలుచు విధము, రకముల నిర్వచనము, బస్తా బరువు అందు స్పష్టముగా నుండవలెను.

మూడవది: జిల్లాలోని సంఘములన్నియు కలిసి, తమ పంటల రకములకును నాణ్య తరగతులకును ఒకే పట్టికను సిద్ధపఱచి, దానిని సుంకపు సంఖ్యలతోను జి.ఎస్.టి. గుర్తులతోను సరిపోల్చి ఉంచుకొనవలెను. దీనికి ధనము స్వల్పముగా చాలును. కావలసినది ఏకాభిప్రాయము.

నాలుగవది: చిన్న సంఘముల పత్రములను ఉమ్మడి రూపమునకు మార్చి పంపుటకు జిల్లాకొక కేంద్రమునైనను, శిక్షణ పొందిన ఒక గుమాస్తానైనను ఏర్పఱపవలెను. డెన్మార్కు చిన్న వర్తకునకు చేసిన మేలును మన సంఘములు తమకు తామే చేసికొనవచ్చును.

ఐదవది: ప్రమాణములను నిర్ణయించు ప్రభుత్వ సంస్థలలోను, ఎలక్ట్రానిక్ మార్కెట్ల సలహాసభలలోను రైతు సంఘముల ప్రతినిధులకు స్థానము కావలెనని రాష్ట్ర సహకార సంస్థలద్వారా అడుగవలెను.

ఇవి చిన్న పనులుగా కనబడవచ్చును. వీనివలన వెంటనే ధర పెరుగునని నేను చెప్పజాలను. వానలు, పంట, గిరాకి – వీనిపై మన కధికారము లేదు. కాని అమ్మిన సరకు లెక్క మొదటి చీటినుండి కడపటి చెల్లింపువఱకు చెదరక పోవుట, సొమ్ము నిలిచిపోకుండుట, ఒక కొనుగోలుదారుడు కాదన్న మఱియొకనియొద్దకు నిర్భయముగా పోగలుగుట – ఇవి మన యధీనమున నున్నవి. బేరమాడు శక్తి యనునది పోవుటకు వేఱొక దారి యున్నవానికే గలుగును. ఉమ్మడి ప్రమాణము ఆ దారిని తెఱచియుంచు సాధనము.

కిలోగ్రాము మన పొలమునకు రాకపూర్వము ఎన్ని తరములు కొలతలో నష్టపడెనో లెక్క వ్రాసినవారు లేరు. కంప్యూటరు బేరములు ఇంకను కుదురుకొనుచున్న ఈ సమయముననే మన మాట చెప్పుకొనినచో, మన బిడ్డలకు ఆ నష్టము మరల కలుగదు. కర్షక సోదరులును, సంఘముల పాలకవర్గములవారును ఈ విషయమును సావధానముగా నాలోచించి, తమ తమ మహాసభలలో చర్చింతురుగాక!